థంకా: రంగుల్లో రాసిన ధ్యానశ్లోకం

టిబెటన్ బౌద్ధుల పటచిత్రమైన థంకాను మొదటిసారి చూసేవారిని తికమకపెట్టేది దాని నిండుదనం. నడుమ ఒక పెద్ద మూర్తి, చుట్టూ చిన్న చిన్న మూర్తులు, పైన మేఘాల మీద కూర్చున్న గురువులు, కింద మంటల మధ్య నిలబడ్డ ఉగ్రరూపాలు, సందు దొరికిన చోటల్లా పద్మాలు, రత్నాలు, జింకలు, జలపాతాలు కనిపిస్తాయి. చూపు ఎక్కడ నిలపాలో తెలియక, చాలామంది ఒక పట్టిక కోసం వెతుకుతారు. పద్మం అంటే పవిత్రత, ఖడ్గం అంటే జ్ఞానం, కపాలం అంటే అనిత్యత అని ఎవరైనా జాబితా ఇస్తే బొమ్మ అర్థమైపోతుందని అనుకుంటారు. ఆ జాబితాల్లో అబద్ధమేమీ లేదు గాని, వాటితో థంకా తెరుచుకోదు. ఒక పటంలో ద్వేషానికి గుర్తుగా ఉన్న పామే మరో పటంలో జ్ఞానానికి కాపలా కాస్తుంది. జ్ఞానమూర్తి అయిన బోధిసత్త్వుడు మంజుశ్రీ చేతిలో అజ్ఞానాన్ని ఛేదించే ఖడ్గమే, జననమరణాల చక్రాన్ని చూపే భవచక్ర పటంలో అసురుల చేతికి వచ్చేసరికి అసూయకు ఆయుధమవుతుంది. థంకాలోని ప్రతీకలు విడివిడిగా కాక, ఒకదానికొకటి ఉన్న సంబంధం వల్ల అర్థమిస్తాయి. ఆ సంబంధాలకు ఒక క్రమం ఉంది, ఆ క్రమం చిత్రకళ నుంచి కాక ధ్యానం నుంచి పుట్టింది.

ఈ సంగతి తెలుగు పాఠకుడికి కొత్తగా నేర్పవలసిన అవసరం అంతగా లేదు. పూజకు కూర్చునే ముందు మనం చదివే "శుక్లాంబరధరం విష్ణుం శశివర్ణం చతుర్భుజం" అన్న శ్లోకం చేసే పని ఏమిటో ఒక్కసారి ఆలోచిస్తే చాలు. కట్టిన వస్త్రం ఏ రంగు, మేని ఛాయ ఏది, చేతులు ఎన్ని, ముఖంలో ఏ భావం ఉంది అన్నవి అందులో వరుసగా వస్తాయి. కవిత్వం కోసం చేసిన వర్ణన కాదది. కళ్లు మూసుకున్నవారి మనసులో ఒక రూపం స్థిరంగా నిలవడానికి ఇచ్చిన ఆనవాళ్లు. టిబెటన్లు అనుసరించే తాంత్రిక మార్గమైన వజ్రయాన బౌద్ధంలోని సాధన గ్రంథాలు ఇదే పనిని ఎంతో విస్తారంగా చేస్తాయి. ముందు అంతా శూన్యమని భావించాలి. ఆ శూన్యంలో పద్మం, పద్మం మీద చంద్రబింబం, దాని మీద బీజాక్షరం, ఆ అక్షరం నుంచి దేవతా రూపం ఉదయించినట్లు మనసులో నిర్మించుకోవాలి. ఆభరణాలు, చేతిలోని వస్తువులు, పరివారం ఒక్కొక్కటిగా చేర్చాలి. సాధన ముగిసేటప్పుడు ఆ రూపాన్నంతా తిరిగి శూన్యంలోనే లయం చేయాలి. ఈ చివరి మెట్టు ముఖ్యమైనది. ఆ దేవత ఎక్కడో బయట ఉన్న వ్యక్తి కాదని, సాధకుడి మనసే శుద్ధమైనప్పుడు ధరించే రూపమని ఆ లయం గుర్తుచేస్తుంది. థంకా ఈ ధ్యానానికి ఆలంబనం. అందుకే దానిలో చిత్రకారుడి ఇష్టానికి వదిలిపెట్టింది తక్కువ. మేని రంగు మారితే, చెయ్యి మరోవైపు తిరిగితే, ధ్యానించవలసిన దేవతే మారిపోతుంది.

గుడ్డ మీద బుద్ధుణ్ణి చిత్రించడం ఎలా మొదలైందో చెప్పే కథ ఒకటి, ప్రాచీన సంస్కృత బౌద్ధ కథల సంకలనమైన దివ్యావదానంలో ఉంది. రోరుక రాజు రుద్రాయణుడు మగధ రాజు బింబిసారుడికి రత్నాలు పొదిగిన కవచాన్ని కానుకగా పంపాడు. దానికి దీటైన తిరుగు కానుక తన దగ్గర లేక బింబిసారుడు బుద్ధుణ్ణి అడిగితే, తన రూపాన్ని పటం మీద రాయించి పంపమని ఆయన చెప్పాడట. చిత్రకారులు వచ్చారు గాని, బుద్ధుడి తేజస్సు చూస్తూ ఉండిపోయారే తప్ప గీత గీయలేకపోయారు. అప్పుడు బుద్ధుడు గుడ్డ మీద తన నీడ పడేలా నిలబడితే, వారు ఆ నీడలో రంగులు నింపారు. పటం కింద త్రిశరణాలు, శీలాలు, ప్రతీత్య సముత్పాదం, అంటే ప్రతిదీ కారణాల వల్లే పుడుతుందన్న సూత్రం, రాయించారని కథ. ఇది చరిత్ర అవునా కాదా అన్నది ఇక్కడ పెద్ద ప్రశ్న కాదు. చిత్రకారుడి చూపు చాలదనీ, రూపం బుద్ధుడి నుంచే రావాలనీ, బొమ్మతోపాటు బోధన కూడా ఉండాలనీ ఆ సంప్రదాయం తన గురించి తాను ఏమనుకుంటుందో కథ స్పష్టంగా చెబుతుంది.

చరిత్ర వైపు నుంచి చూస్తే, ఈ కళకు మూలాలు భారతదేశంలోనే ఉన్నాయి. అజంతా 17వ గుహ వసారాలో 5వ శతాబ్ది నాటి భవచక్రం శకలాలు ఇప్పటికీ కనిపిస్తాయి. చైనా వాయవ్యంలోని దున్‌హువాంగ్ దగ్గర 1900లో బయటపడ్డ గ్రంథాలయ గుహలో పట్టు మీద వేసిన బౌద్ధ పటాలు దొరికాయి; పురావస్తు పరిశోధకుడు ఆరెల్ స్టైన్ తీసుకువచ్చిన వాటిలో కొంత భాగం ఢిల్లీలోని జాతీయ మ్యూజియంలో ఉంది. బెంగాల్, బీహార్ ప్రాంతాల పాల రాజుల కాలపు శైలి, నేపాల్ లోయలోని నేవార్ చిత్రకారుల పౌభా శైలి టిబెట్‌కు చేరాయి. 15వ శతాబ్దంలో మెన్లా దొండ్రుప్ మెన్రి శైలికి, గోంగ్‌కర్‌కు చెందిన ఖ్యెంత్సే ఛెన్మో ఖ్యెన్రి శైలికి ఆద్యులయ్యారు. 16వ శతాబ్దంలో వచ్చిన కర్మ గాద్రి శైలి చైనా ప్రకృతి చిత్రాల విశాలమైన ఖాళీని పటంలోకి తెచ్చింది. శైలి మారినప్పుడల్లా కొండలు, మేఘాలు, చెట్లు, వస్త్రాల మడతలు మారాయి. మూర్తి కొలతలు మాత్రం శైలికి లోబడలేదు.

ఆ కొలతల సంగతి కొంచెం నిదానంగా చూడాలి, ఎందుకంటే థంకా తయారీలో అన్నిటికన్నా కఠినమైన భాగం అదే. కొయ్య చట్రానికి తాళ్లతో బిగించి కట్టిన నూలు గుడ్డకు, పశువుల తోలు ఉడికించి తీసిన జిగురులో కలిపిన సుద్దను రెండు వైపులా పూస్తారు. ఆరిన తర్వాత నున్నటి రాయితోనో శంఖంతోనో నేత కనబడకుండా రుద్దుతారు. తర్వాత గుడ్డ మధ్యగా ఒక నిలువు గీత పడుతుంది. దానిని కొందరు బ్రహ్మరేఖ అంటారు. మూర్తి వెన్నెముక అదే, కొలతలన్నీ దాని నుంచే మొదలవుతాయి. భారతీయ శిల్పశాస్త్రాల్లోని తాళమానం లాంటిదే ఇక్కడి పద్ధతి కూడా. అంగుళం ప్రమాణంగా తల, కంఠం, వక్షం, నాభి, మోకాలు ఏ గీత మీద పడాలో ముందే నిర్ణయమై ఉంటుంది. బుద్ధమూర్తి పూర్తి ఎత్తు కాలచక్ర తంత్రాన్ని అనుసరించేవారికి 125 అంగుళాలు, సంవరోదయ తంత్రాన్ని అనుసరించేవారికి 120 అంగుళాలు. ఈ అంగుళం బజారులో కొనే కొలబద్ద మీది అంగుళం కాదు; బొమ్మ చిన్నదైనా పెద్దదైనా దానితోపాటు మారే వాటా. బోధిసత్త్వులకు, శాంతదేవతలకు, ఉగ్రదేవతలకు వేరువేరు కొలతలున్నాయి. ఉగ్రమూర్తులు పొట్టిగా, బలిష్ఠంగా, పెద్ద తలతో కనిపించడం చిత్రకారుడి ఊహ వల్ల కాదు, వారికి నిర్ణయించిన అంగుళాలే తక్కువ. విద్యార్థులు రంగు ముట్టుకోకముందే ఈ గళ్లలో తలలు, తర్వాత పూర్తి మూర్తులు గీస్తూ ఏళ్లు గడుపుతారు.

రంగులు ఎక్కువగా రాళ్ల నుంచి వస్తాయి. నీలానికి అజురైట్, ఆకుపచ్చకు మాలకైట్, ఎరుపుకు ఇంగిలీకం, పసుపుకు హరిదళం, నారింజకు సిందూరం వాడతారు; నీడలు తేలడానికి నీలిమందు, లక్క రంగు ఉపయోగపడతాయి. అజురైట్‌ను ముతకగా నూరితే చిక్కటి నీలం, మెత్తగా నూరేకొద్దీ లేత నీలం వస్తుంది కాబట్టి, ఒకే రాయిని నీళ్లలో కలిపి, తేర్చి, వేరువేరు ఛాయలు తీస్తారు. ముందు ఆకాశం, తర్వాత దూరపు కొండలు, ఆ తర్వాత దగ్గరి వస్తువులు, చివరగా మూర్తి మేను; ఆపైన సన్నటి గీతలు, బంగారు పొడి, దాని మీద మెరుగు. అన్నీ అయ్యాక కళ్లు. కళ్లు దిద్దడం శుభదినాన జరుగుతుంది. ఆ తర్వాత పటం వెనుక, మూర్తి నుదురు, కంఠం, హృదయం ఉన్న చోట్లకు సరిగ్గా వెనక వైపున, ఓం ఆః హూం అనే మూడు అక్షరాలు రాస్తారు. అవి బుద్ధుడి కాయ, వాక్, చిత్తాలు. లామా ప్రతిష్ఠ చేసేదాకా అది బొమ్మ. ప్రతిష్ఠ తర్వాత పూజ్యవస్తువు. చిత్రకారుడి పేరు సాధారణంగా ఎక్కడా ఉండదు. ఫలానా వ్యక్తి వేశాడన్న మాటకు ఆ పటం చేసే పనిలో స్థానం లేదు.

పటం చుట్టూ కుట్టే జరీ పట్టు అంచు కూడా పటంలో భాగమే. మూర్తి చుట్టూ వచ్చే ఎరుపు, పసుపు సన్నపట్టీలను ఇంద్రధనుస్సు అంటారు. కింది అంచు మధ్యలో వేరే పట్టుతో కుట్టిన చతురస్రం ద్వారం. పటాన్ని పూజ లేనప్పుడు కప్పి ఉంచే పలుచటి పట్టు తెర ఉంటుంది. పైనా కిందా కొయ్య కర్రలుంటాయి, చుట్టి పెట్టెలో పెట్టుకోవచ్చు. పశువుల మందలతో తిరిగే కుటుంబాలకు, ఊరూరా తిరిగే లామాలకు ఇది మోసుకుపోగలిగిన గుడి. అందువల్ల అంచు కత్తిరించి, పటాన్ని మాత్రం అద్దాల చట్రంలో బిగించడం నాకు ఎప్పుడూ బాధ కలిగిస్తుంది. ద్వారం, తెర పోయిన తర్వాత మిగిలేది మూర్తి వర్ణచిత్రమే గాని, దాన్ని సమీపించే పద్ధతి కాదు.

పటాన్ని చదవడానికి ముందు స్థానాలు గమనించాలి. నడుమనున్న పెద్ద మూర్తి ఎవరి ధ్యానానికైతే పటం వేశారో ఆ దేవత లేక గురువు. పై వరుస, ఆ సాధనను తరతరాలుగా అందించిన గురుపరంపర. సూర్యచంద్రులు కూడా అక్కడే ఉంటారు. కింది వరుసలో ధర్మపాలకులు, సంపదనిచ్చే దేవతలు ఉంటారు. పటం వేయించిన దాత కొన్నిసార్లు ఒక మూల చిన్నగా చేతులు జోడించి కనిపిస్తాడు. కాబట్టి పై నుంచి కిందికి చదివితే, బోధ ఎక్కడి నుంచి వచ్చింది, ఏ రూపం దాల్చింది, లోకంలో దాన్ని ఎవరు కాపాడుతున్నారు అన్న వరుస దొరుకుతుంది.

తర్వాత మేని రంగు. వజ్రయానంలో రంగు అలంకారం కాదు, అదొక కుటుంబనామం. పంచబుద్ధుల మండలంలో నడుమ తెల్లని వైరోచనుడు, తూర్పున నీలి అక్షోభ్యుడు, దక్షిణాన పసుపు రత్నసంభవుడు, పడమట ఎర్రని అమితాభుడు, ఉత్తరాన ఆకుపచ్చని అమోఘసిద్ధి ఉంటారు. కొన్ని తంత్రాల్లో అక్షోభ్యుడు నడుమకు వస్తాడు. ఒక్కొక్క బుద్ధుడికీ మనసులోని ఒక్కొక్క విషం ముడిపడి ఉంది: వైరోచనుడికి మోహం, అక్షోభ్యుడికి క్రోధం, రత్నసంభవుడికి అహంకారం, అమితాభుడికి రాగం, అమోఘసిద్ధికి అసూయ. ఈ బుద్ధులు ఆ విషాలను నాశనం చేస్తారని కాక, ఆ విషాలనే జ్ఞానాలుగా మారుస్తారని ఈ సంప్రదాయం చెబుతుంది. క్రోధంలో వస్తువును తేటగా, నిర్దాక్షిణ్యంగా చూసే పదును ఒకటి ఉంటుంది. అందులోంచి 'నేను' అన్నది తొలగిస్తే మిగిలేది అద్దంలా ఉన్నదున్నట్లు చూపే జ్ఞానం. అహంకారం అందరినీ తనకన్నా తక్కువగా తూచుతుంది. ఆ తూకం నశిస్తే సమతాజ్ఞానం. రాగం ఒక్కదాన్నే ఎంచి పట్టుకుంటుంది. పట్టు వదిలి, ఆ ఎంచి చూసే శక్తి మాత్రం నిలిస్తే ప్రత్యవేక్షణ జ్ఞానం. థంకా ప్రతీకల్లో నాకు అన్నిటికన్నా లోతైనదిగా కనిపించేది ఇదే. తన కోపంతో పోరాడి ఓడిపోయిన మనిషికి, ఆ కోపంలోనే ఒక జ్ఞానం చిక్కుపడి ఉందని నీలిరంగులో కూర్చున్న ఒక బుద్ధుడు చెబుతున్నాడు.

అయితే నీలిరంగు కనబడగానే అక్షోభ్యుడని తేల్చుకోవడానికి వీల్లేదు. రంగు తర్వాత చేతులు చూడాలి. నీలి మేనితో, కుడిచేయి నేలను తాకుతూ, వజ్రం (రత్నం కాదు, వజ్రాయుధం ఆకారపు పూజావస్తువు) దగ్గరుంటే అక్షోభ్యుడు. నీలి మేనితోనే, కుడిచేతిలో కరక్కాయ కొమ్మ, ఎడమచేతిలో భిక్షాపాత్ర ఉంటే భైషజ్యగురువు, అంటే వైద్యబుద్ధుడు. మన పెరటి వైద్యంలోని కరక్కాయ టిబెటన్ వైద్యంలోనూ ఔషధాలకు రాజు లాంటిది. నీలి మేనితో, ఆభరణాలు ధరించి, గుండె ముందు ముంజేతులు ఒకదానిపై ఒకటి అడ్డంగా ఉంచి వజ్రం, ఘంట పట్టుకుంటే వజ్రధరుడు. వజ్రం ఉపాయానికి, అంటే కరుణతో చేసే కర్మకు, ఘంట ప్రజ్ఞకు గుర్తులు. చేతులు అలా పెనవేసుకోవడం రెండూ విడిపోనివని చెప్పడానికి.

హరిత తారను చూస్తే ఈ వ్యాకరణం ఎలా పనిచేస్తుందో ఇంకా బాగా తెలుస్తుంది. ఆమె ఆకుపచ్చ రంగు అమోఘసిద్ధి కుటుంబానిది. ఆ కుటుంబపు గుణం నిర్విఘ్నమైన కార్యసిద్ధి. ఎడమకాలు ధ్యానంలో ఉన్నట్లు మడిచి ఉంటుంది. కుడికాలు మాత్రం ఆసనం దిగి ముందుకు చాచి, ఒక చిన్న పద్మం మీద ఆనుతుంది. కుడిచేయి వరదముద్రలో కిందికి తెరిచి ఉంటుంది. గుండె దగ్గరున్న ఎడమచేయి కలువకాడను పట్టుకుంటుంది. రంగు, కాలు, చేయి మూడూ ఒకే మాట చెబుతున్నాయి: ఈమె ధ్యానం వదలకుండానే పిలుపు విన్న మరుక్షణం లేచి వచ్చే దేవత. ఆ కుడికాలిని మడిచి, మేనికి తెలుపు వేసి, అరచేతుల్లో, అరికాళ్లలో, నుదుట కళ్లు చేరిస్తే, దీర్ఘాయువు కోసం ధ్యానించే ఏడు కళ్ల శ్వేత తార అవుతుంది. ఇల్లంతా జబ్బుతో ఉన్నప్పుడు లామా ఏ తారను రాయించమంటాడో ఇప్పుడు ఊహించడం కష్టం కాదు.

ఉగ్రరూపాల దగ్గరే ఎక్కువమంది పొరబడతారు. కోరలు, మూడో కన్ను, ఐదు కపాలాల కిరీటం, పులిచర్మం, కాళ్ల కింద తొక్కబడుతున్న ఆకారాలు చూసి వీరిని రాక్షసులనో క్షుద్రదేవతలనో అనుకుంటారు. ఆరు చేతుల మహాకాలుడు నిజానికి కరుణామూర్తి అవలోకితేశ్వరుడి ఉగ్రరూపం. మెత్తని మాటకు లొంగని అజ్ఞానం ముందు కరుణ ధరించే ముఖం అది. ఐదు కపాలాలు పైన చెప్పిన ఐదు విషాలు జ్ఞానాలుగా మారాయనడానికి ఆనవాలు. చుట్టూ ఉన్న మంటలు జ్ఞానాగ్ని. ఆసనం కూడా ఈ తేడాను పట్టిస్తుంది: శాంతదేవతలు ఎక్కువగా చంద్రబింబం మీద, ఉగ్రదేవతలు సూర్యబింబం మీద ఉంటారు, కింద పద్మం మాత్రం ఇద్దరికీ ఒకటే. మహాకాలుడి పాదాల కింద ఏనుగు ముఖమున్న మూర్తి కనిపించడం తెలుగువారికి గుచ్చుకునే విషయమే. ఆ చోట అది విఘ్నానికి అధిపతి, అంటే సాధనకు అడ్డుతగిలే శక్తి. అదే టిబెటన్ సంప్రదాయంలో పన్నెండు చేతుల ఎర్రని మహారక్త గణపతిని అవలోకితేశ్వరుడి రూపంగా కొలుస్తారు, ఆయనకు ప్రత్యేకంగా థంకాలు రాయిస్తారు. ఒక్క పటం చూసి తీర్పు చెప్పకూడదనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. ఆలింగనంలో ఉన్న జంట మూర్తులకూ ఇదే వర్తిస్తుంది. పురుషమూర్తి ఉపాయం, స్త్రీమూర్తి ప్రజ్ఞ. వజ్రధరుడి చేతుల్లో వజ్రఘంటలు చెప్పిన మాటనే రెండు శరీరాలు చెబుతున్నాయి.

థంకాలన్నిటిలో సామాన్యులకు బోధించడానికే పుట్టింది భవచక్రం. బుద్ధుడి శిష్యుడు మౌద్గల్యాయనుడు నరకాలకు, ప్రేతలోకాలకు వెళ్లి తాను చూసింది వచ్చి చెప్పేవాడట. మౌద్గల్యాయనుడు అన్నిచోట్లా ఉండలేడు కాబట్టి విహార ద్వారం దగ్గర ఈ చక్రాన్ని రాయించి, వచ్చినవారికి వివరించడానికి ఒక భిక్షువును నియమించమని బుద్ధుడు చెప్పినట్లు దివ్యావదానంలో ఉంది. ఈనాటికీ టిబెటన్ ఆరామాల్లో ఇది ముఖమండపం గోడ మీదే ఎక్కువగా కనిపిస్తుంది. చక్రాన్ని కోరలతో, గోళ్లతో పట్టుకున్న భయంకరాకారాన్ని సాధారణంగా యముడంటారు; పాత గ్రంథం మాత్రం అది అనిత్యత అని చెబుతుంది. చక్రం మొత్తం అనిత్యత నోట్లో ఉంది. దేవలోకం కూడా ఆ పళ్ల మధ్యనే ఉంది.

చక్రం నాభిలో పంది, పాము, పక్షి ఒకదాని తోకను ఒకటి కరిచి తిరుగుతుంటాయి. అవి మోహం, ద్వేషం, రాగం. పాత గ్రంథంలో పావురంగా ఉన్న పక్షి టిబెట్‌లో కోడిపుంజుగా మారింది. కొన్ని పటాల్లో పాము, కోడి రెండూ పంది నోట్లోంచి వస్తాయి, ఎందుకంటే రాగద్వేషాలకు తల్లి మోహమే. దాని చుట్టూ ఉన్న వలయం సగం తెలుపు, సగం నలుపు: ఒక సగంలో మనుషులు పైకి ఎక్కుతుంటే, రెండో సగంలో తలకిందులుగా జారుతుంటారు. తర్వాతి వలయంలో ఆరు గతులు, అంటే జీవులు పుట్టే ఆరు లోకాలు, ఉన్నాయి. దేవతలు సుఖాల్లో మునిగి ఉంటారు. వారి లోకంలో పళ్లు కాచే కల్పవృక్షానికి వేళ్లు అసురుల లోకంలో ఉండటం వల్ల అసురులు నిత్యం యుద్ధానికి వస్తారు. ప్రేతలకు కొండంత పొట్ట, సూదిబెజ్జమంత గొంతు. ఈ లోకాలు చచ్చాక వెళ్లే చోట్లు మాత్రమే కావు. ఒక రోజులో ఒక మనిషి మనసు ఎన్ని లోకాలు తిరిగివస్తుందో గమనించినా పటం అర్థమవుతుంది. ప్రతి లోకంలోనూ ఒక బుద్ధుడు నిలబడి ఉంటాడు, ఆ లోకానికి తగిన వస్తువుతో: సుఖమత్తులో ఉన్న దేవతలకు వీణ, మూగజీవాలకు పుస్తకం, ప్రేతలకు పాత్ర.

వెలుపలి వలయంలో ద్వాదశ నిదానాలు, అంటే అజ్ఞానం నుంచి జరామరణం దాకా సాగే కారణాల గొలుసు, పన్నెండు చిన్న బొమ్మలుగా ఉంటాయి. కర్ర పట్టుకు తడుముకునే గుడ్డివాడు అవిద్య. సారె మీద కుండలు చేసే కుమ్మరి సంస్కారం. చేతులు ఒక ఆకారం ఇచ్చేశాయి, ఇక అది కుండగానే ఆరుతుంది. కొమ్మ నుంచి కొమ్మకు దూకే కోతి విజ్ఞానం, అంటే ఎరుక. పడవలో ప్రయాణికులు నామరూపాలు, ఆరు కిటికీలున్న ఖాళీ ఇల్లు షడాయతనాలు (మనసుతో కలిపి ఆరు ఇంద్రియాలు), ఆలింగనం స్పర్శ. కంట్లో బాణం గుచ్చుకున్న మనిషి వేదన. ఆ పక్కనే మద్యం తాగుతున్నవాడు తృష్ణ, పండ్లు కోస్తున్నవాడు ఉపాదానం, అంటే పట్టుకుని వదలకపోవడం. గర్భిణి భవం, ప్రసవిస్తున్న స్త్రీ జాతి, అంటే పుట్టుక. శవాన్ని మోసుకుపోతున్నవాడు జరామరణం. ఈ పన్నెండిట్లో నేను ఎక్కువసేపు నిలబడి చూసేది కంట్లో బాణానికీ, తాగేవాడి చేతి పాత్రకూ మధ్యనున్న గీత దగ్గర. వేదన, అంటే సుఖదుఃఖాల అనుభూతి, పూర్వకర్మ వల్ల వస్తుంది, దాన్ని ఆపడం మన చేతిలో లేదు. అనుభూతి కలిగాక దాని వెంట దాహం పుట్టాలా వద్దా అన్నది మాత్రం సాధనకు అందే చోటు. బౌద్ధ ఆచార్యులు గొలుసు తెగేది ఇక్కడేనని చెబుతారు. చక్రం వెలుపల, పై మూలన, బుద్ధుడు నిలబడి చంద్రుడిలాంటి తెల్లని వలయం వైపు వేలు చూపిస్తుంటాడు, అది నిర్వాణం. కింద రెండు శ్లోకాలుంటాయి: ప్రయత్నం మొదలుపెట్టండి, బయటికి రండి, ఏనుగు రెల్లుగుడిసెను కూల్చినట్లు మృత్యుసేనను కూల్చండి అని వాటి సారాంశం.

ఈ పటాల్లో తెలుగు నేల కూడా ఉంది, మనం గుర్తుపట్టం అంతే. కాలచక్ర తంత్రాన్ని బుద్ధుడు ధాన్యకటక స్తూపం దగ్గర, గాథల్లోని శంభల రాజ్యపు రాజు సుచంద్రుడికి బోధించాడని టిబెటన్ సంప్రదాయం నమ్ముతుంది. ఆ ధాన్యకటకం మన అమరావతి. కాలచక్ర గ్రంథాలు 11వ శతాబ్దంలో వెలుగులోకి వచ్చాయని చరిత్రకారులు చెబుతున్నా, నమ్మకంలో ఆ స్తూపం స్థానం చెక్కుచెదరలేదు. 1416లో లాసా దగ్గర స్థాపించిన డ్రెపుంగ్ ఆరామానికి ధాన్యకటకం పేరే పెట్టుకున్నారు. ఏటా షోతోన్ పండుగనాడు ఆ ఆరామం వెనుక కొండవాలు మీద ఒక బ్రహ్మాండమైన పట్టు థంకాను పరుస్తారు. 2006 జనవరిలో దలైలామా అమరావతిలో కాలచక్ర అభిషేకం (దీక్ష) జరపడానికి కారణం ఈ సంబంధమే.

రెండో లంకె ఆచార్య నాగార్జునుడు. శ్రీపర్వతంతోనూ శాతవాహన రాజుతోనూ సంప్రదాయం ముడిపెట్టే ఈ ఆచార్యుణ్ణి థంకాల్లో గుర్తుపట్టడం సులువు: భిక్షువు వేషం, తల మీద బుద్ధుడిలాంటి ఉష్ణీషం (నడినెత్తిన ఉబ్బు), వెనుక గొడుగులా విప్పిన పాము పడగలు. నాగలోకానికి వెళ్లి ప్రజ్ఞాపారమితా సూత్రాలను తెచ్చాడన్న గాథకు అవి గుర్తు. భవచక్రం నాభిలో ద్వేషంగా తిరిగిన పామే ఇక్కడ గ్రంథాలను భద్రపరిచిన నాగుడై ఆచార్యుడికి నీడ పడుతోంది. ఇక బుద్ధుణ్ణి మనిషి రూపంలో చూపకుండా ఖాళీ సింహాసనం, పాదముద్రలు, ధర్మచక్రంతో సూచించిన అమరావతి శిల్పుల ఫలకాలు, ప్రతీక అన్నది మూర్తికి అదనపు అలంకారం కాదని, కొన్నిసార్లు మూర్తికి బదులుగా నిలబడగలదని ఎంతో ముందే చూపాయి.

ఇప్పుడు ఈ కళ ఎక్కడ బతికి ఉందన్నది మిగిలిన ప్రశ్న. చైనాలోని చింగ్హాయ్‌లోని రెబ్‌కోంగ్ ప్రాంతపు కళలను యునెస్కో 2009లో మానవాళి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది. ధర్మశాల దగ్గరి నోర్బులింకా సంస్థలో, నేపాల్‌లోని బౌద్ధనాథ్, భక్తపూర్ ప్రాంతాల్లో గురుశిష్య పద్ధతిలో నేర్పుతున్నారు. రాహుల్ సాంకృత్యాయన్ టిబెట్ నుంచి తెచ్చిన థంకాలు పట్నా మ్యూజియం సంపద. మన దగ్గర మ్యూజియంలలో పటం పక్కన ప్రాంతం, శతాబ్దం రాసిన చీటీ తప్ప వివరించే భిక్షువు ఉండడు. కనీసం మూర్తి పేరు, పరంపర, చేతిలోని వస్తువులు తెలుగులో రాసి పెడితే ఎంతోమందికి మేలు జరుగుతుంది.

కొనాలనుకునేవారు సాధారణంగా రాతిరంగులా, రసాయన రంగులా, బంగారం అసలుదా అని అడుగుతారు. అవి ధరకు సంబంధించిన ప్రశ్నలు, అడగవలసినవే. సంప్రదాయం మాత్రం ముందు కొలతలు చూడమంటుంది. చవక రంగులతో వేసినా కొలతలు సరిగా ఉన్న పటాన్ని ప్రతిష్ఠించి పూజించవచ్చు. ఎంత బంగారం పూసినా అంగుళాలు తప్పిన మూర్తి ధ్యానానికి పనికిరాదు, దాన్ని వేసినవాడికీ మంచిది కాదని శాస్త్రకారులు హెచ్చరించారు. అందుచేత పటం ఎదుట నిలబడినప్పుడు మొదట ముఖం రెండు సగాలూ నిలువుగీతకు సమంగా ఉన్నాయా, కళ్ల గీత సన్నగా, తడబడకుండా సాగిందా, వేళ్లు ముద్రలో స్పష్టంగా విడివడ్డాయా చూడాలి. ఆ తర్వాత వీలైతే పటాన్ని తిప్పి, వెనుక మూడు అక్షరాలు వాటి చోట్లలో ఉన్నాయో లేదో చూడాలి.